క్యాసెట్టు కొస

షాకిర్, హీనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఒక రాక్షసుడి పుణ్యమా అని.

1994 వేసవి. పెనుకొండలో ఒక పెళ్లి పందిరి. షాకిర్‌ది మైక్ సెట్ పని. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయర్, ఒక టేప్ రికార్డర్, ఎవరింట్లో ఏం జరిగినా అందరికంటే ముందు వెళ్లి వైర్లు లాగే ఓపిక, ఇవే అతని ఆస్తి. ఆ ఉదయం కొత్తగా రికార్డు చేయించిన భక్తి పాటల క్యాసెట్టు వేసి, ఇడ్లీ ప్లేటు చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు.

దేవుడి పాట అయిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత హారన్లలోంచి ఎవరో గొంతు చించుకుని అరిచారు. ఆ అరుపు వెనకే గిటార్లు, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు డ్రమ్ములు. పెళ్లికొడుకు మేనత్త చేతిలోంచి పసుపు గిన్నె జారిపోయింది. పంతులుగారు మంత్రం మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చారు. షాకిర్ ప్లేటు వదిలేసి పరుగెత్తి టేప్ రికార్డర్ ఆపేసరికి, పందిట్లో ఉన్న అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి.

మర్నాడు ఆ క్యాసెట్టును జేబులో పెట్టుకుని ప్యాసింజర్ రైలెక్కి హిందూపురం వెళ్లాడు. పాటలు రికార్డు చేసిన సుభాన్ కొట్టుకు వెళ్లి కడిగేయాలని దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా వెళ్తే అక్కడ సుభాన్ లేడు. చెవులకు హెడ్‌ఫోన్లు, వాటి మీద నుంచి చున్నీ కప్పుకుని, ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"మీ నాయన లేడా?" అన్నాడు షాకిర్.

"మార్కెట్‌కు పొయ్యినాడు. కొట్లాడల్లంటే నాతో కొట్లాడొచ్చు. నేను ఖాళీగానే ఉండా."

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. క్యాసెట్టు బల్ల మీద పెట్టి, పెళ్లిలో జరిగింది చెప్పాడు. మేనత్త సంగతి దగ్గర ఆమె పెదాలు బిగబట్టుకుంది. పంతులుగారి సంగతి దగ్గరికొచ్చేసరికి ఇక ఆపుకోలేక నవ్వేసింది. నవ్వినందుకు క్షమించమని కూడా అడిగింది, నవ్వుతూనే.

జరిగింది ఇదీ. గుడిబండ నుంచి దేవప్ప అనే ఆయన బెంగుళూరు వెళ్లి, అక్కడ పెద్ద షాపుల్లో అమ్ముడుపోని క్యాసెట్లను మూటలకు మూటలు తెచ్చి సుభాన్‌కు వేసేవాడు. కొత్త ఖాళీ క్యాసెట్ల కంటే ఇవి చవక. చెరిగిపోకుండా క్యాసెట్టు అంచున పెట్టే చిల్లుకు చిన్న టేపు ముక్క అంటిస్తే దాని మీద ఏ పాటలైనా ఎక్కుతాయి. ఆ సంవత్సరం మూటల నిండా ఒకటే రకం వచ్చింది. అట్టల మీద పుర్రెలు, సంకెళ్లు, కాలిపోతున్న ఊళ్లు, మూలన చిన్న అక్షరాల్లో థ్రాష్ మెటల్ అని. దేవప్పను అడిగితే, ఆ రాక్షసుల పాటలకు కాలం అయిపాయె అన్నాడట. బెంగుళూరులో జుట్టు పెంచుకున్న పిల్లోళ్లు కూడా ఇప్పుడు మెల్లగా ఏడ్చే పాటలు వింటాండారు, ఆ పాడేవాళ్లు కూడా జుట్టు కత్తిరిచ్చుకోని నెమ్మదైపొయ్యినారు, దుడ్లు పెట్టి కొనేవాడు లేడు, కిలో లెక్కన తీసుకో అన్నాడట.

వాటి మీద సుభాన్ లాలిపాటలు, ఖవ్వాలీలు, భజనలు ఎక్కించేవాడు. పాటలయ్యాక మిగిలిన టేపును ఖాళీగా తిప్పి పాత గోలంతా తుడిచేయడం కూతురు హీనా పని. ఆ రోజు తుడుస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక ఆమె మరిచిపోయింది.

"తప్పు నాదే. ఇట్లియ్యి, తుడిచిస్తా" అంది హీనా.

షాకిర్ క్యాసెట్టు మీద చెయ్యి తియ్యలేదు. పోట్లాటకు వచ్చిన మనిషి కాసేపు కాళ్లు మార్చుకుంటూ నిలబడి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"వద్దులే. అట్లే ఉండనీ. ఇంగోసారి వినల్లని ఉండాది."

హీనా మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది.

అతనికి ఆ పాటలో ఏం నచ్చిందని ఎవరైనా అడిగితే అప్పట్లో చెప్పగలిగేవాడు కాదు. మైక్ సెట్ వాడంటే ఊరందరికీ లోకువ. సౌండు తక్కువైతే తిట్లు, ఎక్కువైతే తిట్లు. ఎవరి పెళ్లికైనా వాళ్లకు నచ్చిన పాటే వెయ్యాలి, ఎవరి చావుకైనా వాళ్లు చెప్పిందే వెయ్యాలి. నీకేం పాట కావాలని అతన్ని అడిగినవాళ్లు లేరు. ఇన్నేళ్లు లోపల మింగుకున్నదంతా ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, వేరే దేశంలో కూర్చుని, తన తరఫున అరిచినట్టు అనిపించింది.

"ఏమంటాండాడు వాడు?" అని అడిగాడు.

"నాకూ తెల్దు. కోపంగా ఉండాడు. మా నాయన పొద్దన్నే అరిచినా నాకు అర్థం కాదు. అంతమాత్రాన నాయన చెడ్డోడా?"

అలా మొదలైంది. షాకిర్‌కు ఉన్నట్టుండి కొత్త క్యాసెట్ల అవసరం ఎక్కువైంది. పెళ్లి పాటలు పాతబడ్డాయంటాడు, ఉరుసుకు ఖవ్వాలీలు చాల్లేదంటాడు. హిందూపురం రైలు టిక్కెట్టు ఇచ్చే గుమాస్తా అతన్ని చూడగానే అడక్కుండా తీసి ఇచ్చేవాడు. హీనా అతని క్యాసెట్లకు మాత్రం కొస తుడిచేది కాదు. గుర్తుగా లేబుల్ మూలన నీలం సిరా చుక్క ఒకటి పెట్టేది. చుక్క ఉన్న క్యాసెట్టును షాకిర్ పందిట్లో జాగ్రత్తగా, దేవుడి పాట అయ్యీ కాగానే ఆపేసేవాడు. పని ముగిసి వైర్లు చుట్టేశాక, ఒక్కడే కూర్చుని ఆ కొస వినేవాడు.

ఏ పాటకూ మొదలు ఉండేది కాదు. మొదలంతా భజనల కింద పోయింది. అతనికి దక్కేది చివరి గిటారు, చివరి అరుపు, ఆ తర్వాత ఠక్కుమని ఆగిపోయే డ్రమ్ములు. హీనా మాత్రం తుడిచే ముందు ప్రతి పాటా మొదటి నుంచి వినేది. ఎవరికీ వద్దన్నంత మాత్రాన ఒక్కసారి కూడా వినకుండా తుడిచేస్తే పాపం కదా అనేది. షాకిర్ కొస వినొచ్చి చెప్తే, ఆమె దాని మొదలు నోటితో చెప్పేది. ముందర గిటారు వానకు ముందు గాలి లాగా మెల్లగా వస్తుందని, తర్వాత డ్రమ్ము ఒక్కటే బల్లను తట్టినట్టు తడుతుందని. తడుతూ చూపించేది కూడా. ఆ వేళ్లను చూస్తూ షాకిర్ సగం మాటలు వినేవాడు కాదు.

"మొదులు నా కాడ, కొస నీ కాడ. ఇద్దరం కలిస్తేనే పాట" అంది ఒకరోజు. అన్నాక తనేమన్నదో తనకే తెలిసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది. బయట వాన మొదలైంది. షాకిర్‌కు ఆ రోజు రైలు తప్పిపోయింది. కావాలనే వదిలేశాడని మనం అనుకోవచ్చు.

పెళ్లి పందిట్లో అరిచిన రాక్షసుడి క్యాసెట్టు మూటలో ఇంకొకటి దొరికింది. అట్ట మీద ఇనుప టోపీ పెట్టుకున్న పుర్రె. దాన్ని హీనా తుడవలేదు. ఆ పాట సరిగ్గా మొదలయ్యే చోటుకు టేపు తిప్పి ఆపి, బట్టల పెట్టెలో అడుగున దాచింది. నిఖా అయిన రోజు నీకు మొదటినించి వినిపిస్తా, అంతవరకూ అడగొద్దు అని షాకిర్‌కు చెప్పింది. ఉరుసు అవ్వగానే తన అమ్మను సంబంధం మాట్లాడటానికి పంపుతానని షాకిర్ మాటిచ్చాడు. సుభాన్‌కు కూడా ఈ కుర్రవాడంటే మంచి అభిప్రాయమే. క్యాసెట్లు ఇంతగా కొనేవాడు వేరే ఎవరున్నారు?

అంతా అనుకున్నట్టు జరిగి ఉంటే ఈ కథ ఇక్కడే లాలిపాటతో అయిపోయేది.

ఉరుసుకు కొద్ది రోజుల ముందు, పెనుకొండ పక్క పల్లెలో రామాంజనేయులు అనే పెద్ద రైతు చనిపోయాడు. శవాన్ని ఇంటి ముందు పడుకోబెట్టి, మైక్‌లో భగవద్గీత వేయడానికి షాకిర్‌ను పిలిపించారు. గీత క్యాసెట్టు అతని దగ్గర ఒక్కటే ఉంది. దాని లేబుల్ మీద నీలం చుక్క ఉంది, కొసన పెళ్లిలో అరిచిన రాక్షసుడే ఉన్నాడు. ఎప్పుడూ ఆపినట్టే ఆపొచ్చులే అనుకుని వేశాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. మిద్దె మీద కట్టిన హారన్ ఊగి, జారి, కింద కూర్చున్న ఆడవాళ్ల మీద పడేలా ఉంది. షాకిర్ పరుగున మిద్దె ఎక్కి హారన్‌ను రెండు చేతులతో పట్టుకుని తాడు బిగిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కింద గీత ముగిసింది. అతనికి తెలిసింది. దిగలేడు, హారన్ వదల్లేడు. ఆపమని కేకేసేలోగా, అతని మొహానికి ఎదురుగా ఉన్న హారన్‌లోంచి ఆ రాక్షసుడు అరిచాడు.

ఏడుస్తున్న వాళ్లంతా ఒక్కసారి ఆగిపోయారు. పెద్దకొడుకు వెంకటేష్ లేచి వెళ్లి యాంప్లిఫయర్‌ను నేలకేసి కొట్టాడు. కిందికి దిగిన షాకిర్ చొక్కా పట్టుకుని, ఇది యాడ రికార్డు చేయించినావని అడిగాడు. చుట్టూ మనుషులు మూగారు. సుభాన్ పేరు చెబితే ఆ కొట్టు ఆ సాయంత్రానికి మిగిలేది కాదు.

"యాడా లేదన్నా. నేనే చేసుకున్నా. నాదే తప్పు" అన్నాడు షాకిర్.

వెంకటేష్ చెయ్యి లేచింది. అప్పుడు శవం తల దగ్గర కూర్చున్న రామాంజనేయులు భార్య నారాయణమ్మ మాట్లాడింది. పొద్దుటి నుంచి ఆమె ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదని ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు.

"వాన్ని ఇడిసిపెట్టు వెంకటేశా. మీ నాయన బతికినన్నాళ్లు ఇట్లే గదా అరిసింది. చేన్లో అరిసినా ఇంటికి వినపడేది. ఇంగ ఆ అరుపు యాడ వింటానా అని నేను కూసోనుండా."

అని భర్త మొహం మీద మొహం పెట్టి బోరుమని ఏడ్చింది. వెంకటేష్ చెయ్యి దించాడు. షాకిర్ పగిలిన సామాన్లు ఏరుకుని నడుచుకుంటూ పెనుకొండ చేరాడు.

వార్త తనకంటే ముందు వెళ్లకూడదని మర్నాడే హిందూపురం వెళ్లి సుభాన్‌కు అంతా చెప్పాడు. అక్కడ కూడా రికార్డు చేసింది తనేనని అబద్ధం మొదలుపెట్టాడు. లోపలి నుంచి హీనా వచ్చి, కొస తుడవకుండా ఇచ్చింది నేనే నాయనా అంది. సుభాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలా ఏళ్లు హీనాకు అనిపించింది.

"మా పాపను కాపాడల్లని చూసినావు, అది మంచిదే" అన్నాడు షాకిర్‌తో. "కానీ మనల్ని నమ్మి వాళ్ల ఇంట్లో శవం కాడికి పిలిచినారు. మీ ఇద్దరి సరసానికి ఆ చోటు దొరికిందా? ఇంగ ఈ కొట్టుకు రావద్దప్పా."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేకపోవడమే షాకిర్‌ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. రావొద్దంటే గొడవ పడొచ్చు. అన్నమాట నిజమైతే ఏం చేస్తాడు? అమ్మను సంబంధానికి పంపినా, ఆమె మంచినీళ్లు తాగి, కాదనిపించుకుని తిరిగొచ్చింది.

ఆ వారమంతా సుభాన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, మూటలన్నీ కూతురి చేతే మొదటి నుంచి చివరి దాకా తుడిపించాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వలేదు. పెట్టె అడుగున దాచిన ఒక్క క్యాసెట్టు సంగతి మాత్రం ఆయనకు తెలియదు. చలికాలంలో హీనాకు ధర్మవరంలో ఒక చీరల వ్యాపారి కొడుకుతో పెళ్లి చేశారు. ఆ పెళ్లికి మైక్ సెట్ పెట్టలేదు.

షాకిర్‌ను ఇక ఎవరూ పనికి పిలవలేదు. యాంప్లిఫయర్ బాగు చేయించుకునే స్థోమత కూడా లేదు. బెంగుళూరు వెళ్లి ఒక సౌండ్ కంపెనీలో బాక్సులు మోసే పనిలో చేరాడు. మోసి, మోసి, కొన్నేళ్లకు మిక్సర్ ముందు కూర్చునేవాడయ్యాడు. నీలం చుక్కల క్యాసెట్లు అద్దె గదులు మారుతుంటే ఒక్కొక్కటే పోయాయి. పెళ్లి ఊసెత్తితే అమ్మతో మాట మార్చేవాడు. ఆమె పోయాక ఊసెత్తేవాళ్లు కూడా లేరు.

2007 ఆగస్టు. బెంగుళూరులో ఒక మైదానంలో కాలేజీ పిల్లల బ్యాండ్ల పోటీ. మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. సాయంత్రం షోకు ముందు సౌండు సరిచూసుకోవడానికి నలుగురు కుర్రాళ్లు స్టేజీ ఎక్కారు. భుజాల దాకా జుట్టు. ఒకడి చొక్కా మీద ఇనుప టోపీ పుర్రె ఉంది. షాకిర్ అది చూసి మళ్లీ చూశాడు.

వాళ్లు వాయించడం మొదలుపెట్టారు. ముందుగా గిటారు ఒక్కటే మెల్లగా వచ్చింది. తర్వాత డ్రమ్ము, బల్లను తట్టినట్టు. పాట ఏమిటో షాకిర్‌కు తెలియలేదు. ఏదో కొత్త పాట అనుకుని మీటలు సర్దుకుంటున్నాడు. వేగం పెరిగింది, అరుపు వచ్చింది, గిటార్లు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ఉన్నట్టుండి అతని చేతులు మీటల మీద ఆగిపోయాయి. దేవుడి పాట తర్వాత వచ్చే కొస అది. పసుపు గిన్నె జారిన కొస. శవం దగ్గర అరిచిన కొస.

అయితే ఇంతసేపూ విన్నది దాని మొదలన్నమాట. హీనా వేళ్లతో తట్టి చూపించిన మొదలు. పదమూడేళ్లుగా ఎక్కడా వినని మొదలు. షాకిర్ మిక్సర్ మీద తల వాల్చి, చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చేశాడు.

గిటారు కుర్రాడు కంగారుపడి దిగివచ్చాడు. ఏమైందో తెలుసుకుని ఆశ్చర్యపోయాడు. ఈ సంగీతం ఒకప్పుడు చచ్చిపోయిందనే అనుకున్నారు సార్, అన్నాడు. ఇప్పుడు అన్ని దేశాల్లోనూ తమలాంటి కుర్రాళ్లు మళ్లీ మొదలుపెట్టారని, విడిపోయిన ముసలి బ్యాండ్లు కూడా మళ్లీ కలిసి వాయిస్తున్నాయని, అన్నలు తూకానికి అమ్మేసిన క్యాసెట్ల కోసం తాము ఆదివారం సంతల్లో వెతుక్కుంటున్నామని చెప్పాడు. మీకు తెలిసిన పాత కొట్లలో ఒక్కటైనా మిగిలి ఉంటుందా అని అడిగాడు. అసలు పాటను మొదటి నుంచి చివరి దాకా షాకిర్ ఫోన్‌లోకి ఎక్కించాడు.

ఒక్క కొట్టు తెలుసు, అన్నాడు షాకిర్.

హిందూపురంలో ఆ కొట్టు ఉన్న చోట చెప్పుల షాపు ఉంది. సుభాన్ ధర్మవరంలో కూతురి దగ్గర ఉన్నాడని పక్కవాళ్లు చెప్పారు. మళ్లీ రైలెక్కాడు. పెనుకొండ కొండ కిటికీలోంచి వచ్చి వెళ్లిపోయింది. దిగలేదు. పాత క్యాసెట్లు ఉన్నాయా అని అడిగి, ఆమె బాగుందని కళ్లతో చూసి వచ్చేస్తే చాలనుకున్నాడు. ఆమె భర్త ఎదురైతే ఏమని చెప్పాలో ధర్మవరం దాకా కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

మగ్గాల చప్పుడు వినిపించే వీధి చివర చిన్న బంకు. సెల్ కవర్లు, రీచార్జి, మెమరీ కార్డుల్లోకి పాటలెక్కించడం. కంప్యూటర్ వెనక తల వంచుకుని ఒకావిడ కూర్చుని ఉంది. చెవుల మీద హెడ్‌ఫోన్లు, వాటి మీద నుంచి చున్నీ.

"ఏం పాటలు ఎక్కించల్లప్పా?" అంది తలెత్తకుండా.

"మొదులు లేనివి ఏమన్నా ఉండాయా?"

ఆమె చేతులు ఆగాయి. తలెత్తడానికి చాలాసేపు పట్టింది. వాన తెరలు తెరలుగా రోడ్డు మీద పడుతోంది. షాకిర్ బంకు కప్పు కింద సగం తడుస్తూ నిలబడ్డాడు.

"జుట్టు నెరిసిపొయ్యింది" అంది చివరికి.

"నీకు నెరవలేదు."

"లోపల నెరిసింది. చున్నీ ఉండాది కాబట్టి తెల్దు."

నవ్వబోయి ఇద్దరూ నవ్వలేకపోయారు. లోపలికి రమ్మంది. మాటల మధ్యలో ఒకచోట ఆగి, తన సంగతి తనే చెప్పింది. ఒక కూతురు పుట్టింది, మెహర్ అని పిలుచుకునేవాళ్లు. నాలుగేళ్ల పిల్ల వానాకాలం జ్వరంతో అనంతపురం ఆసుపత్రి దాకా వెళ్లి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో భార్యాభర్తలకు మాట్లాడుకునేందుకు ఏమీ మిగల్లేదు. పెద్దల ముందు విడిపోయారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, మంచోడే, నాకు వాని మీద కోపం లేదు అంది.

షాకిర్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ పాట దొరికిందని, మొదలు తన దగ్గరుందని చెప్పాడు. ఇంతదూరం పట్టుకొచ్చిన సంతోషమంతా ఆ మాటలోనే ఇంకిపోయింది. హీనా ఫోన్‌ను ముట్టుకోలేదు.

"నా కాడ మొదులు లేదు షాకిర్. పొయ్యింది. నేనే తీసేసినా."

ఒకసారి సుభాన్ టేప్ రికార్డర్ తీసుకుని ధర్మవరం వచ్చాడట. తాతా నా మాట పట్టు అని మెహర్ గోల చేసింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. అప్పుడు హీనా పెట్టె అడుగున ఉన్న ఇనుప టోపీ పుర్రెను తీసి, చిల్లుకు టేపు ముక్క అంటించి ఇచ్చింది. పాట మొదలయ్యే చోట ఆపి ఉన్న క్యాసెట్టు అది. ఆ మొదలు మీదే పిల్ల మాట ఎక్కింది.

"ఎదురుగానే అంగడి ఉండాది. ఇంగో క్యాసెట్టు కొనుక్కోవచ్చు. అయినా అదే ఇచ్చినా. నువ్వింగ రావని, ఎదురుచూసింది చాలని ఇచ్చినా. ఇప్పుడు మెహర్ది మిగిలింది అంతే. దాన్ని ఎట్ల తీసేది?"

ఆమె అతని ఫోన్‌ను మెల్లగా అతని వైపు జరిపింది.

బంకులో మాటలు వినపడే వెనక గదిలో సుభాన్ చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ పాత టేప్ రికార్డర్. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక రోజూ ఆయన ఆ క్యాసెట్టు ఒకసారి వింటాడని, మెహర్ మాట అయ్యీ కాగానే ఆపేస్తాడని హీనా చెప్పింది. ఒక్కరోజు కూడా ఆయన వేలు ఆలస్యం కాలేదు. కొస బయటికి వస్తే పిల్ల మీద ఎవరో అరిచినట్టు ఉంటుందనేవాడు.

సుభాన్ షాకిర్‌ను గుర్తుపట్టాడు. చూపు తగ్గినా గుర్తుపట్టాడు. కూర్చోమని చాప చూపించి అడిగాడు.

"పిల్లలు ఎంతమందప్పా నీకు?"

"పెండ్లి చేసుకోలేదు మామా."

ముసలాయన తల వంచుకున్నాడు. చాపలోంచి ఊడిన పుల్లను ఒకదాన్ని లాగుతూ ఉండిపోయాడు. తర్వాత చెయ్యి చాచి మీట నొక్కాడు.

గరగరమని టేపు తిరిగింది. ఒక చిన్న గొంతు, మైకుకు మరీ దగ్గరగా, ఊపిరితో సహా వచ్చింది. "తాతా, పడతాండాదా? నేను మెహర్. నేను పెద్దయినాక రైలు నడుపుతా. హిందూపురంలో ఆపి నిన్ను ఎక్కించుకుంటా. టిక్కెట్టు అడగనులే. అమ్మ నవ్వుతాండాది చూడు." వెనక నిజంగానే ఎవరో నవ్విన చప్పుడు. అది హీనా నవ్వే. కొట్టులో మొదటిరోజు విన్న నవ్వే.

"అయిపాయె తాతా. ఇంగ నొక్కు" అంది మెహర్.

సుభాన్ వేలు మీట మీద ఉంది. హీనా కళ్లు మూసుకుంది.

ఆయన నొక్కలేదు. వేలు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

గిటార్లు గదిలోకి వచ్చిపడ్డాయి. రాక్షసుడు అరిచాడు. పాతబడిన టేపులో ఆ గొంతు కాస్త బొంగురుపోయి, కోపం కంటే ఏడుపు లాగానే ఉంది. హీనా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పిల్ల పోయినప్పుడు కూడా వాళ్లలో ఎవరూ ఆ గొంతంత గట్టిగా ఏడవలేదు. ముసలాయన భుజాలు కదులుతున్నాయి. కొస చివరి దాకా నడిచి, డ్రమ్ములు ఠక్కుమని ఆగి, టేపు అయిపోయి, మీట దానంతట అదే పైకి లేచింది.

షాకిర్ లేవబోయాడు. సుభాన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మొదులు నీ కాడ ఉండాదంట గదా" అన్నాడు. "ఈ పొద్దు మెహర్ పొద్దు. రేపు రా నాయనా. ముగ్గురం కూసోని మొదటినించి విందాం."